తెల్లగీత ఇవతల

ముత్తవ్వను లారీ గుద్దినప్పుడు నేను ఆమెకు పదడుగుల వెనుక ఉన్నాను. చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆమె రోడ్డు దాటలేదు. రోడ్డు పక్కన నడుస్తోంది. నెత్తి మీద బీడీ కట్టల గంప. తొమ్మిది లోపు కార్ఖానాలో అప్పజెప్పాలి. జలపతి ఇనుప సామాను దుకాణం దగ్గర ఎప్పటిలాగే సలాకల మోపులు, రేకులు, ఇటుకల గుట్ట అడ్డం వచ్చాయి. ఆ గుట్టను చుట్టి పోవాలంటే ఎవరైనా రోడ్డు మీదికి దిగాల్సిందే. దిగింది. వెనుక నుంచి వడ్ల లారీ వచ్చింది.

గంప ఎగిరిపడింది. బీడీలు రోడ్డంతా పరుచుకున్నాయి. ఆ నిమిషంలో నేను చేసిన పని చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. ముత్తవ్వ దగ్గరికి పరుగెత్తలేదు. ఫోను తీసి టైము చూశాను. ఎనిమిదిన్నర. నా బిడ్డ సృజన బడికి పోతూ సైకిల్ మీద ఈ గుట్టను దాటే టైము. దాటిందా, ఇంకా వస్తోందా అని వెనక్కి తిరిగి చూశాను. ఆ తర్వాతే ముత్తవ్వ వైపు చూశాను. అప్పటికే ఆమె కదలడం లేదు.

ఎస్సై వచ్చి బండి సీటు మీద కాగితం పెట్టి రాశాడు. ‘మృతురాలు నిర్లక్ష్యంగా రోడ్డు దాటుచుండగా’ అని చదివి, సాక్షిగా నా పేరు గీత అని రాసుకుని, సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

“దాటలే సారు. పక్కపొంటి పోతుండె.”

“పెడతవా, ఇంకొకల్ని పిలువాల్నా?”

అప్పటికి కార్ఖానా నుంచి ఉరికొచ్చిన ఆడవాళ్లలోంచి అంజవ్వ ముందుకొచ్చింది. బీడీ కార్మికుల సంఘంలో మాకందరికీ పెద్ద ఆమె. “పిలువు సారు. నలభైమందిమున్నం. ఎవలు పెడతరో నేను గూడ సూస్త” అంది.

ఎవరూ పెట్టలేదు. అయినా ఆ కాగితం ఆ మాటతోనే స్టేషన్‌కు పోయింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి, ఒక్క కట్టలో ఒక్క బీడీ తక్కువ రానివ్వని మనిషి, చచ్చిపోయిన పూటకే నిర్లక్ష్యపు మనిషి అయిపోయింది.

మా మద్దులవాగు కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ ఉంటుంది. మొన్న మొన్నటి దాకా గ్రామపంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీ. మున్సిపాలిటీ అయ్యాక రోడ్డు నాలుగు వరుసలయింది. రెండు అంచులా తెల్లగీత గీశారు. గీతకు ఇవతల నడిచేవాళ్లకూ సైకిళ్లకూ జాగా వదిలారు. నెల తిరగకముందే అందులో సగం జలపతి సామాను కింద పోయింది, మిగతా సగం హోటళ్ల టేబుళ్ల కింద పోయింది. జలపతి తమ్ముడు వార్డు కౌన్సిలర్. ఎవరు అడుగుతారు?

ఆ రోజు నుంచి సృజన సైకిల్‌కు తాళం వేసి తాళంచెవి నా కొంగుకు ముడేసుకున్నాను. నా పెనిమిటి రంజిత్ మస్కట్‌లో ఉంటాడు. మంచి పని చేసినవన్నాడు ఫోన్‌లో. బిడ్డ మాత్రం అన్నం ముందు కూర్చుని నన్నే చూసింది.

“ఆటోల పోవే తల్లీ.”

“ఆటోల పద్నాలుగు మందిని ఎక్కిస్తరమ్మా. నేను డ్రైవర్ పక్కపొంటి సగం బయటికి ఏలాడాలె. గది మంచిగుందా నీకు?”

“పోనీ నడిచిపో.”

“ముత్తవ్వ పెద్దమ్మ నడిచే పోయింది కదనే.”

నా కంచం పక్కకు నెట్టి, కొంగు ముడి ఇంకోసారి బిగించాను. ఆ రాత్రంతా నేను వాకిట్లో ఉన్న సైకిల్‌నే కలగన్నాను. చక్రం తిరుగుతూనే ఉంటుంది, మీద మనిషి ఉండదు.

ఐదో రోజు అంజవ్వ మమ్మల్నందర్నీ మున్సిపల్ ఆఫీసుకు తీసుకుపోయింది. నలభైమందిమి మెట్ల మీద కూర్చుని రెండు గంటలు ఉన్నాక కమిషనర్ లోపలికి పిలిచాడు.

“అది హైవే రోడ్డమ్మా. మాకు సంబంధం లేదు. కరీంనగర్‌ల వాళ్ల ఆఫీసుంటది, అక్కడ ఇచ్చుకోండి.”

“ఇచ్చినం సారు. రెండు తెల్లగీతల నడుమ వరకే మాది, గీత ఇవతల మున్సిపాలిటీది అన్నరు” అంది అంజవ్వ. “గీత కాడికెల్లి దుకాణం షట్టర్ దాక ఎవలది సారు?”

కమిషనర్ కాసేపు పెన్ను తిప్పాడు. “మాదే.”

“మీ జాగల జలపతి సలాకలెందుకున్నయి?”

“నోటీసిచ్చినం. తీసేటందుకు స్టాఫ్ లేరు. ఊడ్చేటందుకే మనుషులు సాలుతలేరు.”

“సాలకుంటే మనుషులు సావాల్నా?”

ఆయనకు కోపమొచ్చింది. పక్కనున్న వాళ్లు నవ్వేలా అన్నాడు. “అంత బాధుంటే మీ వాకిలనుకొని మీరే ఊడ్చుకోండ్రి. నేను వద్దంటున్ననా?”

అక్కడి గుమాస్తాలు నవ్వారు. అంజవ్వ నవ్వలేదు. చేతులు జోడించింది. “మంచిది సారు. మీ నోటితోని అన్నరు. నలభైమందిమి విన్నం.”

మా దిక్కు ఆడమనిషి పొద్దున లేస్తే మొదటి పని వాకిలి. ఊడ్చాలి, సాన్పి చల్లాలి, ముగ్గు పెట్టాలి. సాన్పి అంటే నీళ్లలో కలిపిన పేడ. అది ఎక్కడి దాకా పడితే అక్కడి దాకా ఆ ఇంటి వాకిలి. దాన్ని ఇంకొకరు తొక్కి పాడు చేయరు, అక్కడ సామాను పెట్టరు. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు, కాని మద్దులవాగులో తెలియనివాళ్లు లేరు.

మర్నాడు తెల్లవారగానే నలభై చీపుర్లు, నలభై బకెట్లతో రోడ్డు మీదికి వచ్చాం. జలపతి సలాకల మోపులు మోపుకు నలుగురం పట్టి, రేకులు ఇద్దరిద్దరం పట్టి, తీసుకుపోయి ఆయన షట్టర్‌కే ఆనించాం. ఇటుకలు చేతుల మీదుగా అందించుకున్నాం. బీడీలు చుట్టే వేళ్లు కదా, ఒక్క ఇటుక జారలేదు. తర్వాత ఊడ్చాం. తెల్లగీత దాకా సాన్పి చల్లాం. వడ్డెర గల్లీ మూల నుంచి హైస్కూలు గేటు దాకా పొడుగాటి వాకిలి తేలింది.

ఎనిమిదింటికి జలపతి వచ్చాడు. షట్టర్ తీయడానికి సందు లేదు.

“ఏందే అంజవ్వా ఇది?”

“వాకిలి.”

“ఎవలింటి వాకిలి?”

“కమిషనర్ సారునడుగు. గాయినే ఊడ్వుమన్నడు.”

“మీ అందరి పేర్లు రాసుకుంట.”

“రాసుకో. నా పేరు పక్కపొంటి ముత్తవ్వ పేరు గూడ రాసుకో. రాలేదని మర్చిపోకు.”

ఆ రోజు నా కొంగు ముడి విప్పి తాళంచెవి సృజనకిచ్చాను. పిల్లలు మొదటిసారి రోడ్డు దిగకుండా బడికి పోయారు. గీతకు ఇవతల, ఒకరి వెనుక ఒకరు, బెల్లు కొట్టుకుంటూ. నేను మాత్రం గేటు దాకా సైకిల్ వెనుక ఉరికాను. నవ్వేవాళ్లు నవ్వారు.

రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు నేను తప్పు చేశాను.

ఎండాకాలం దుమ్ము. సైకిల్ తొక్కే పిల్లల కళ్లలో పడితే ఏ లారీ కిందికి పోతారో అని నాకు భయం. మూల దగ్గర అందరూ ఒక బకెట్ చల్లిన చోట నేను మూడు చల్లాను. చిక్కగా కలిపి చల్లాను. తాటిచెట్లు గీసి వస్తూ గౌడ సమ్మయ్య, సైకిల్‌కు రెండు కల్లు కుండలు కట్టుకుని ఆ మూల తిరిగాడు. చక్రం జారింది. కుండలు పగిలాయి. చెయ్యి విరిగింది. ఆయన పడ్డది గీతకు ఇవతలికి కాబట్టి సరిపోయింది. రెండడుగులు అటు పడితే రెండో ముత్తవ్వ అయ్యేవాడు. చంపేది నేనే అయ్యేదాన్ని.

జలపతి దుకాణం ముందు నిలబడి అందరూ వినేలా అన్నాడు. “ఇప్పుడు చెప్పుండ్రి. గిది ఎవలి నిర్లక్ష్యం?”

సాయంత్రానికి ఎస్సై కేసు కాగితం పట్టుకుని ఆసుపత్రికి పోయాడు. రోడ్డును పాడు చేసి జనానికి అపాయం తెచ్చారని మా మీద ఫిర్యాదు. సమ్మయ్య సంతకం చేస్తే చాలు. నేను సమ్మయ్య మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను.

“ఈ ఆడోళ్ల తోటే కదా నువ్వు పడ్డవు. పెట్టు.”

సమ్మయ్య కట్టు కట్టిన చెయ్యి చూపించాడు. “సంతకం పెట్టే చెయ్యే ఇరిగింది సారు.”

“వేలిముద్ర పెట్టు.”

“పడ్డది నేను. ఎందుకు పడ్డనో నాకెర్క. ఇరవై ఏండ్ల సంది లారీల నడుమ సైకిల్ తొక్కుతున్న. ఒక్క ఫిర్యాదు రాసుకోలే మీరు. పేడ మీద జారితే ఉరికొచ్చిన్రా?” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎస్సై పోయాక నాతో అన్నాడు. “గీతమ్మా, నా కుండల సంగతి నేను సూసుకుంట. ఊడ్సుడు బందుపెట్టకు. పేడ మాత్రం జర తక్కువెయ్యి.”

ఆ ఆదివారం సంఘం ఆఫీసులో మీటింగ్ పెట్టాం. చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే మాట్లాడుకున్నాం. జగిత్యాల డిగ్రీ కాలేజీ నుంచి విద్యార్థి సంఘం పిల్లలు వచ్చారు. సిరిసిల్ల నుంచి మరమగ్గాల కార్మికులు ఇద్దరు వచ్చారు. వాళ్ల రోడ్డు కూడా ఇలాగే ఉందట.

నేను లేచి నిలబడ్డాను. “బందు పెడదాం. నాతోని ఒక మనిషి చెయ్యిరిగింది. రేపు ఏమైతదో. పిల్లలున్నోళ్లం. పెనిమిటి దేశం కాని దేశంల ఉన్నడు. జైలుకు పోతే నా బిడ్డకు అన్నమెవలు పెడతరు?”

ఎవరూ నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ కష్టమనిపించింది. వెనుక వరుసలో స్కూలు పిల్లలతో కూర్చున్న సృజన లేచింది.

“మా అమ్మ భయపడ్డది అబద్ధం కాదు. నేను గూడ భయపడుత. రోజూ గా గుట్ట కాడ కండ్లు మూసుకుంట. గట్ల మూసుకొని ఎన్ని రోజులు తొక్కాలె?”

చాటల్లో చేతులు ఆగిపోయాయి. సిరిసిల్ల అన్న అన్నాడు. “మన ఓట్లతోనే మున్సిపాలిటీ, మన పన్నులతోనే రోడ్డు. నడిచేటోడికి జాగ అడిగితే దయ అడిగినట్టు సూస్తరు. దయ కాదక్కా, బాకీ గూడ కాదు. గది మన పాణం.”

అంజవ్వ చివర్లో చెప్పింది. “పేడ వద్దు. తప్పైంది, ఒప్పుకుందాం. సున్నం గీద్దాం. జారది, దూరం నుంచి కండ్లకు కొడతది. బడి కాడ దాటేటందుకు అడ్డగీతలు గూడ మనమే గీద్దాం. కేసైతే అందరి మీద కావాలె. ఒక్కరిని ముందటికి తొయ్యద్దు.”

చేతులెత్తమన్నారు. అందరి చేతులూ లేచాయి. నాది అందరికన్నా ఆలస్యంగా లేచింది.

సోమవారం తెల్లవారేసరికి గీతకు ఇవతల వాకిలంతా సున్నపు అంచుతో మెరిసింది. హైస్కూలు గేటు ముందు పన్నెండు అడ్డగీతలు పడ్డాయి. లారీలు వాటిని చూసి మెల్లగయ్యాయి. ఒక డ్రైవర్ ఆగి, తల బయటికి పెట్టి, “ఎప్పుడేసిన్రక్కా?” అని అడిగాడు.

ఏడున్నరకు పోలీసు వ్యాన్లు వచ్చాయి. వాటి వెనుక జేసీబీ వచ్చింది. స్టాఫ్ లేరన్న మున్సిపాలిటీకి ఆ పొద్దు జేసీబీ దొరికింది. డ్రైవర్ దొరికాడు. కాపలాకు ఇరవై మంది పోలీసులు దొరికారు. మమ్మల్ని తోసి వ్యాన్లు ఎక్కించారు. షట్టర్‌కు ఆనించిన సలాకలూ ఇటుకలూ జేసీబీ తోడి తెచ్చి, ఆరని సున్నం మీద మళ్లీ గుట్ట పోసింది. జలపతి కుర్చీ వేసుకుని కూర్చుని చూశాడు. అంత దగ్గరగా, అంత తీరికగా మా నోట్లో మన్ను కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

వ్యాన్ జగిత్యాల దిక్కు కదిలింది. అప్పుడే స్కూలు పిల్లలు వచ్చారు. జాలీ కిటికీలోంచి నాకు సృజన కనిపించింది. గుట్ట ముందు ఆగింది. ఒక్కొక్కరుగా చుట్టి పోతారనుకున్నాను. పోలేదు. ఏదో మాట్లాడుకున్నారు. అందరూ సైకిళ్లు దిగారు. యాభై మంది దాకా ఉన్నారు. సైకిళ్లు పట్టుకుని నలుగురేసి వరుస కట్టి, రోడ్డులో జగిత్యాల దిక్కు పోయే సగమంతా నింపి నడవడం మొదలుపెట్టారు. మా వ్యాన్ వెనుకే. వాళ్ల వెనుక ఇసుక లారీ. దాని వెనుక ఇంకా లారీలు.

ఇసుక లారీ హారన్ కొట్టింది. ఆపకుండా కొడుతూనే ఉంది. చివరి వరుసలో కుడి అంచున నా బిడ్డ. లారీ బంపర్‌కూ ఆమె జడకూ నడుమ రెండు బారల జాగా కూడా లేదు.

“నీ బిడ్డనా? పక్కకు జరుగుమని చెప్పు. గా డ్రైవర్‌కు కోపమొస్తే పిల్ల పాణం పోతది” అన్నాడు పక్కన కూర్చున్న కానిస్టేబుల్. బెదిరించినట్టు అనలేదు. నిజంగానే భయపడి అన్నాడు.

నేను జాలీకి మొహం ఆనించాను. పక్కకు జరగడానికి అక్కడ ఏముంది, ఇటుకల గుట్టే కదా. నా నోటికి ఏం వచ్చిందో నాకే తర్వాత తెలిసింది.

“సృజనా, జరుగకు బిడ్డా.”

అంజవ్వ నా పక్కకు వచ్చి జాలీ పట్టుకుంది. “జరుగకుండ్రి పిల్లలూ.” వ్యాన్లో ఉన్న ఆడవాళ్లమందరం అదే మాట అన్నాం. ముందు పోతున్న వ్యాన్లోంచీ అదే మాట వచ్చింది.

పిల్లలు వెనక్కి తిరిగి చూడలేదు. వ్యాన్ వాగు మూల తిరిగింది. ఇక వాళ్లు కనిపించలేదు. హారన్ మాత్రం వినిపిస్తూనే ఉంది. కొడుతోందంటే లారీ ఇంకా వాళ్ల వెనుకే ఉన్నట్టు అంది అంజవ్వ. ఆ చప్పుడు ఆగిపోకూడదని, ఆగిపోకూడదని, జగిత్యాల తొవ్వ పొడుగునా వింటూ కూర్చున్నాను.