మా దగ్గర మొదటి పదవి

నాయకత్వం, వ్యాపారం నేర్పిస్తానంటూ మెక్సికో సిటీ నుంచి పవోలా మేడమ్ మా హాస్టల్‌కి దిగింది. మేమంతా వహాకా కొండల్లోని మిహె తెగ ఊళ్ల నుంచి కాలేజీకొచ్చిన ఆడపిల్లలం. మా కాఫీ గింజలు మేమే అమ్ముకోవడం నేర్చుకుందామని ఆశగా కూర్చున్నాం.

"మీలో నాయకురాలెవరు? నేనంటే నేనని చేతులెత్తండి!" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు. పదవి నాకివ్వండని నోరు తెరిచి అడిగినవాళ్లను మా ఊళ్లలో చీదరించుకుంటారు. ఊరంతా కూర్చుని పేరు చెప్పాలి. చెప్పాక ఇక కాదనడానికి లేదు.

"బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారేంటి? అందుకే మీ కొండజాతివాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారు!"

నాకు ఒళ్లు మండింది. "కాసేపు ఆగండి మేడమ్, మా పద్ధతిలో ఎన్నుకుంటాం" అన్నాను.

వరండాలో గుండ్రంగా కూర్చున్నాం. నా స్నేహితురాలు తెక్లా ఒక పేరు చెప్పింది. అందరూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వి, సరేనన్నారు.

లోపలికొచ్చి చెప్పాను. "అందరం ఒకే మాట మీద మిమ్మల్నే ఎన్నుకున్నాం."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అయ్యో, నన్నా! మరి చప్పట్లేవీ?" అంటూ ఫొటో కోసం జుట్టు సర్దుకుంది.

తెక్లా మూలనున్న చీపురు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"మా దగ్గర మొదటి పదవి ఇదే మేడమ్. మా ఊరి ప్రెసిడెంటు కూడా ఊడ్చే పైకొచ్చాడు. వాకిలి నుంచి మొదలెట్టండి."