పన్నెండో సంతకం

పొద్దున ఏడింటికి మైలార్‌దేవ్‌పల్లిలో బస్సెక్కి, తొండుపల్లి దగ్గర దిగి, విమానాలకెక్కే పూలూ పండ్లూ దాచే కోల్డ్ స్టోరేజీదాకా నడిచిపోవడం స్వర్ణలతకు ఆర్నెల్లుగా అలవాటు. డిగ్రీ ఆఖరి ఏడాది. దాంతోపాటు యూనివర్సిటీ వాళ్లు ఆ ఏడాదే, రెండువేల పన్నెండులో, కొత్తగా పెట్టిన కూలింగ్ మిషన్ల సర్టిఫికెట్ చేస్తోంది. దానికి పరీక్షల్లేవు, మార్కుల్లేవు. పుస్తకంలో పన్నెండు పనులుంటాయి. ఒక్కొక్కటీ మెంటర్ కళ్లముందు చేసి చూపిస్తే ఆయన సంతకం పెడతాడు.

ఆమె మెంటర్ ఎజాజ్. అక్కడ అందరికీ ఉస్తాద్. ఇరవై ఎనిమిదేళ్లుగా కంప్రెసర్ల మధ్య బతికినవాడు.

పెట్టిన సంతకం నిజమైతే నిలిచేది. కాకపోతే ఆరకముందే అక్షరాలన్నీ ఆవాల్లా కాగితం మీంచి రాలిపోయేవి. కాలేజీ గుమాస్తా మల్లేశ్వర్ ఏ పుస్తకాన్నైనా బల్లకేసి రెండుసార్లు దులిపిగాని తీసుకోడు. "మూడోది రాలింది, మళ్ల నేర్సుకొని రా బిడ్డా" అనేవాడు, ఫొటో అతికించలేదని చెప్పినంత మామూలుగా.

స్వర్ణలతవి పదకొండు నిలిచాయి. పన్నెండోది, నడుస్తున్న కంప్రెసర్ చప్పుడు విని జబ్బు చెప్పడం. అది నాలుగుసార్లు రాలింది. మిషన్ విప్పిన ప్రతిసారీ ఆమె చెప్పినచోటే అరిగి ఉంది. అయినా రాలింది. కాలేజీలో పుస్తకం ఇవ్వడానికి ఈ శుక్రవారమే ఆఖరు రోజు. ఇస్తే ఈ స్టోరేజీలోనే నౌకరీ, లేకుంటే ఇంకో ఏడాది ఆగాలి. నౌకరీ ఆగదు.

"గింత పని గూడ వస్తలేదా ఉస్తాద్ నాకు?" అంది సోమవారం, ఏడుపు గొంతుతో. అటు తిరిగి ఉన్న ఎజాజ్ పలకలేదు.

ఆ మధ్యాహ్నమే వాకిట్లో లారీ వెనక్కొస్తోంది. ఎజాజ్ దాని దారిలో నిలబడి చీటీ ఏదో చదువుకుంటున్నాడు.

"ఉస్తాద్! జరుగుండ్రి!" స్వర్ణలత గొంతు చించుకుంది. హారన్ మోగుతూనే ఉంది. ఆయన తల తిప్పలేదు. ఆమె ఉరికిపోయి చొక్కా పట్టి గుంజింది. ఇద్దరూ వెళ్లి గోడకు కొట్టుకున్నారు.

"మీకు వినవడతలేదా?"

ఆయన ఆమె పెదవుల్ని చూసి చదువుకున్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చాన దినాలాయె బేటీ. ఇంట్ల నా బీవి సుఘ్రాకు గూడ చెప్పలే. తెలిస్తే పనిలకెళ్లి తీసేస్తరని భయం. సంతకం రాలుడు నీ తప్పు కాదు. విననోడు, విన్న అని ఎట్ల సంతకం పెడ్తడు? నువ్వు కొత్తూరు పో. ఆడ రాములని మంచి మెకానిక్ ఉన్నడు. గడియల సంతకం పెడ్తడు."

కొత్తూరు పోతే ఆమె సంతకం ఆమెకు దొరుకుతుంది. కానీ ఎజాజ్ దగ్గర పన్నెండోది ఎందుకు నిలవలేదని ఎవరో ఒకరు అడుగుతారు, ఆయన చెవుల సంగతి బయటపడుతుంది. ఇంటికి పోతుంటే బస్సు ఇంజన్ అదురు ముందు సీటు కమ్మీలోంచి అరచేతికి తెలుస్తోంది. గేరు మారినప్పుడల్లా అదురూ మారుతోంది.

మర్నాడు చెవుల్లో దూది పెట్టుకొని వచ్చింది. "ఇగ నాకు గూడ వినవడది. చెయ్యి పెట్టి చూద్దాం ఉస్తాద్."

మూడు రోజులు ఇద్దరూ మిషన్లకు అరచేతులు ఆనించి నిలబడ్డారు. ఆమె మధ్యమధ్య దూది తీసి, విని, ఇది మంచిది, ఇది చెడ్డది అని చూపించేది. ఎజాజ్‌కు అన్నీ ఒకటే అనిపించేవి. ఒకసారి "నాతోటి గాదు" అని చాయ్‌కి పోయి సాయంత్రందాకా రానేలేదు. గురువారం మధ్యాహ్నం మాత్రం ఆయన చెయ్యి ఒకచోట ఆగిపోయింది.

"లోపల తంతున్నది చూడు!" అన్నాడు, కడుపులో బిడ్డ కదిలినట్టు సంబరంగా.

శుక్రవారం స్వర్ణలత నాలుగు మిషన్లు విని, ఆఖరుదాంట్లో బేరింగ్ పోయిందంది. ఎజాజ్ చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "సహీ, నువ్వు చెప్పిందే" అని సంతకం పెట్టాడు. ఇద్దరూ కాగితాన్నే చూశారు. సిరా ఆరింది. కాలేజీలో మల్లేశ్వర్ మూడుసార్లు దులిపి చూసి పుస్తకం సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ ధైర్యంతోనే ఎజాజ్ మేనేజర్ దగ్గరికి తనంతట తానే పోయి సంగతంతా చెప్పాడు. చేత్తో మిషన్ చూసి చూపించాడు. "వాకిట్లకు మాత్రం పోకండి. వచ్చే పిల్లలకు ఇది గూడ నేర్పండి" అన్నాడు మేనేజర్. సోమవారం నుంచి స్వర్ణలతకు డ్యూటీ.

ఆ సాయంత్రం ఎజాజ్ ఇంటికి పోయి, రొట్టెలు కాలుస్తున్న సుఘ్రాతో, "నాకు చెవులు వినవడతలేవు" అన్నాడు.

"నాకెర్కనే," అంది ఆమె పెనం మీంచి చూపు తిప్పకుండా. "ఊకెనే ఒర్రుతున్ననా మరి? రోజూ కొట్లాడుకుంటరని పక్కింటోళ్లు అనుకుంటున్నరు. రేపు దవాఖానకు పోదాం."

అటు తిరిగి చెప్పిందేమో, ఆయనకు ఒక్క ముక్కా అందలేదు. సుఘ్రా స్టవ్ ఆర్పింది. వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.