అరువు టైర్లు

కళ్లజోళ్ల దుకాణం నడిపే అతని కారుకి ఫిట్‌నెస్ తనిఖీ గడువు దగ్గరపడింది. టైర్లేమో అరిగి నున్నగా గుండు కొట్టించుకున్నట్టున్నాయి. మార్పిద్దాం, మార్పిద్దాం అంటూనే కాలం గడిపేశాడు. చివరికి బావమరిదిని పట్టుకున్నాడు. ఇద్దరివీ ఒకే రకం కార్లు.

"ఒక్క పూటకి నీ చక్రాలివ్వరా. తనిఖీ అవగానే తిరిగిచ్చేస్తా."

"అక్కకి తెలిస్తే నన్ను బతకనివ్వదు బావా."

"తెలియాలంటే మనిద్దరిలో ఒకడు నోరు జారాలిగా!"

నవ్వుకుంటూ చక్రాలు మార్చారు. కారు పాసయింది. సాయంత్రానికల్లా ఎవరి చక్రాలు వాళ్లకి చేరాయి. అద్దం మీద కొత్త స్టిక్కరు చూసి భార్య మురిసిపోయింది. "ఇక బెంగలేదు. పాపని బడికి నేనే దింపుతా" అంది.

ఆ వారమే వాన పడింది. మలుపులో ఆమె బ్రేకు వేస్తే కారు ఆగకుండా జారి ప్రహరీని గుద్దింది. వెనక సీట్లో ఉన్న పాపకి పెదవి చిట్లింది.

కబురంది అతను దుకాణం మూసి పరుగున వచ్చేసరికి, అత్తగారు కూతుర్ని దులిపేస్తోంది. "డ్రైవింగు నీకెందుకే అని నెత్తీ నోరూ కొట్టుకున్నా. విన్నావా?"

భార్య అతన్ని చూసి తల దించుకుంది. "తప్పు నాదేనండీ. బండి బాగానే ఉందిగా, మొన్నేగా పాసయింది! నాకే చేతకాలేదు. ఇక దాన్ని ముట్టుకోను."

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. గుమ్మం దగ్గర బావమరిది నేలచూపులు చూస్తున్నాడు. పాప అమ్మ ఒళ్లో కూర్చుని పెదవికి ఐసుముక్క అదుముకుంటోంది.

"తప్పు నీది కాదు" అన్నాడు చివరికి. "ఆ రోజు పాసయినవి వీడి టైర్లు. మనవి కావు."

భార్య అరవలేదు.

"పాప వెనక కూర్చుంటుందని తెలుసుగా మీకు?" అంది. "నన్నంతలా తిడుతుంటే వింటూ నిలబడ్డారు కూడా."

అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

కారు బాగుచేయించి, కొత్త టైర్లు వేయించి, మళ్లీ తనిఖీకి తీసుకెళ్లాడు.

"మొన్నే పాసయిందిగా, మళ్లీ ఎందుకొచ్చారు?" అన్నాడు తనిఖీ చేసేవాడు.

"అప్పటి టైర్లు నావి కావండీ." వరసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

భార్య మళ్లీ కారు తీసింది, పోట్లాటేమీ లేకుండానే. కానీ రోజూ పొద్దున్నే పాపని ఎక్కించే ముందు వంగి, నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూసుకుంటుంది. అతన్ని ఏమీ అడగదు. కిటికీలోంచి అది కనబడినప్పుడల్లా అతను చూపు తిప్పేసుకుంటాడు.