అత్తగారు మోయనన్న మాట

అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలుకండె ఖాళీ అయింది. నాగదుర్గ మగ్గం గుంటలోంచి కాళ్ళు తియ్యకుండానే చెయ్యి వెనక్కి చాపింది. గుమ్మం దగ్గర రాట్నం తిప్పుతున్న అత్తగారు అచ్చాయమ్మ, అప్పుడే నూలు చుట్టిన కండెను ఆ చేతిలో పెట్టింది. బండారులంకలోని ఆ పెంకుటింట్లో రోజూ పొద్దు ఇలాగే మొదలవుతుంది.

"అత్తయ్యా, పెసరట్లు మూతకింద ఉన్నాయని చెప్పండి."

నాగదుర్గ మొగుడు తాతారావు నాలుగడుగుల దూరంలో సైకిలు చైనుకి నూనె రాస్తున్నాడు. "తినేశానని చెప్పమ్మా," అన్నాడు.

"నా నోరు మీ ఇద్దరికీ టెలిఫోనైపోయింది," అని గొణుక్కుంది అచ్చాయమ్మ.

వాళ్ళ పెళ్ళయి పుష్కరం దాటింది. నేతపని మీద మనసు లేక పట్టాళంలో చేరినవాడు తాతారావు. ఏడాదికోసారి వచ్చేవాడు. ఒకరి దగ్గర ఒకరికి బిడియం తీరేలోగా సెలవు తీరిపోయేది. పిల్లలు కలగలేదు. కిందటేడు కార్గిల్ యుద్ధం జరిగినన్నాళ్ళూ అతని కబురే లేదు. మంచుకి ఎడమకాలి వేళ్ళు రెండు పోతే, ఈ వేసవిలో పింఛనిచ్చి ఇంటికి పంపేశారు.

తెల్లారకుండానే లేచి, దుప్పటిని అంచుకి అంచు కలిపి పలకలా మడతపెట్టేవాడు. ఆ మడత చూస్తే నాగదుర్గకి ఇంట్లో చుట్టం దిగినట్టుండేది. అతనూ అలాగే మసిలేవాడు. ఉప్పుడబ్బా ఎక్కడుందో కూడా తల్లినే అడిగేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతారావు తల్లి పక్కన చతికిలపడ్డాడు. నాగదుర్గ నేస్తూనే ఉంది గానీ చెవి అటే ఉంది.

"హైదరాబాదులో మా పట్టాళం వాడొకడు వాచ్‌మన్ పనిప్పిస్తానంటున్నాడమ్మా. ఎల్లుండి రమ్మన్నాడు. ఇక్కడ నేను చేసేదేవుంది? దుర్గకి చెప్పు."

అచ్చాయమ్మ రాట్నం ఆపింది. "ఈ మాట నేను మొయ్యను. నీ పెళ్ళానికి నువ్వే చెప్పుకో," అని లేచి, కాసేపు నడుం వాలుస్తానంటూ లోపలికెళ్ళింది.

తాతారావు మగ్గం దాకా వచ్చాడు. నిలబడ్డాడు. నాగదుర్గ తలెత్తలేదు. అతను సైకిలెక్కి ఎటో పోయాడు.

మూడింటికి నాగదుర్గ టీ పెట్టి లేపబోతే అత్తగారి చెయ్యి చల్లగా తగిలింది. నిద్రలోనే పోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఎవరికో ఏదో అందించబోతున్నట్టు.

వీధంతా వచ్చింది. ఎవరో వెళ్ళి తాతారావుని వెతికి తీసుకొచ్చారు. కాలువ గట్టు మీద అన్నీ ముగిసేసరికి బాగా చీకటి పడింది. పక్కింటి కాంతమ్మ అన్నం తెచ్చిపెట్టి వెళ్ళాక, ఇంట్లో ఇద్దరే మిగిలారు. తాతారావు తడిబట్టలతో అరుగు మీద కూర్చున్నాడు. మార్చుకోమని చెప్పండి, అనబోయి నాగదుర్గ చుట్టూ చూసింది.

"బట్టలు మార్చుకోండి," అంది అతనితోనే.

అతను కదల్లేదు. "హైదరాబాదు సంగతి విన్నావు కదా," అన్నాడు.

"ఆయ్, విన్నానండి."

"ఏవంటావు?"

ఆమె గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "యుద్ధం జరిగినన్నాళ్ళూ నేను మగ్గం ఆపలేదండి. చేతులు పడిపోతాయే అని అత్తయ్య తిట్టేవారు. మగ్గం ఆగితే వీధిలో అడుగులు వినపడతాయి. మీ కబురు పట్టుకుని ఎవరొస్తున్నారోనని భయం. ఆ అడుగుల చప్పుడు వినలేక నేసేదాన్ని. మీరొచ్చేక కూడా ఆ భయం పోలేదు. మళ్ళీ ఎల్తానంటే…"

తాతారావు చేతిలోని తుండుగుడ్డ గట్టిగా పిండాడు.

"కార్గిల్లో నా పక్కనున్నవాడు పోతే వాడి బూట్లు విప్పి నేను తొడుక్కున్నాను దుర్గా. నావి మంచులో నానిపోయేయి. ఈపాటి కాలైనా మిగిలిందంటే అందుకే. ఈ మాట అమ్మచేత నీకెలా చెప్పించాలో తెలీలేదు."

నాగదుర్గ జరిగి వచ్చి, రెండు వేళ్ళు లేని ఆ పాదం మీద చెయ్యి వేసింది. అతను ముందు కాలు వెనక్కి లాక్కోబోయాడు. తర్వాత అలాగే ఉంచేశాడు.

"పొద్దున్న ఫోను చేసి రానని చెప్పేస్తాను," అన్నాడు చివరికి.

"మరి కండెలు చుడతారా?"

"చిన్నప్పుడు చుట్టేవాణ్ణి. నూలు తెగితే అమ్మ మొట్టేది."

ఇద్దరూ లేచారు. తుండుగుడ్డ ఆరేద్దామని చూరు దగ్గర చెయ్యెత్తినవాడు, అలాగే ఆగిపోయాడు. పెంకుల సందులో, రేపు పొద్దుటికని అచ్చాయమ్మ విరిచి దోపి పెట్టుకున్న వేపపుల్ల ఇంకా పచ్చిగానే ఉంది.