చెంచా కాడ

గిన్నెలు తోముతూ తోముతూ ఒతీలియా చెంచా కాడను నాలుక మీద పెట్టుకుని లోపలికి నొక్కింది. డోకొచ్చి తొట్టి అంచు పట్టుకుని వంగిపోయింది.

"మళ్ళీనా?" పెనం మీద టోర్టియా రొట్టెలు తిప్పుతున్న అత్త చోలె మొహం వెలిగిపోయింది. "ఒరే రమీరో, ఈసారి మగపిల్లాడేరా!"

"అయితే ఇంక బడిలో వంటపనెందుకు? ఇంట్లో పడుండు," అన్నాడు మొగుడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఇవి వేవిళ్ళు కావని చెప్పడానికి నోరు రాలేదు. బడి వంటశాలలో చేరాలంటే ఆరోగ్య కార్డు ఉండాలి. కార్డు ఇవ్వాలంటే గొంతు లోపల పుల్లతో తుడిచి పరీక్షకి పంపాలి. పోయిన వారం పుల్ల తగలగానే డోకొచ్చి, ఒతీలియా నర్సు చెయ్యి తోసేసింది. పుల్ల నేల మీద పడింది, వరసలోవాళ్ళు నవ్వారు. మంగళవారం రమ్మన్నారు, అదే ఆఖరి అవకాశం. ఇంట్లో చెబితే రమీరో ఏమంటాడో తెలుసు. "ఆరో తరగతితో ఆగినదానివి, నోరు తెరవడం కూడా రాదా?" ఆ మాటే ముందు గొంతుకి అడ్డం పడి ఉంటే ఇక పుల్లకి చోటెక్కడ? పైగా తను పనిలో ఉండగా కూతురు ఇత్సెల్‌కి జ్వరమొస్తే పిల్లనెవరు చూస్తారన్న దిగులొకటి.

మంగళవారం పొద్దున్నే అత్త దాల్చినచెక్క వేసిన అతోలె జావతో గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆ ఇంట్లో అతోలె తాగకుండా ఎవరూ గడప దాటరు.

"వట్టి కడుపుతో పోతావా? లోపల బిడ్డుంది, తాగు."

పళ్ళు కూడా తోముకోకుండా రమ్మంది నర్సు. ఒక్క గుక్క తాగినా పరీక్ష పాడైపోతుంది.

"బిడ్డ లేదత్తా. చెంచాతో డోకు ఆపుకోవడం నేర్చుకుంటున్నా. కార్డు కోసం పోతున్నా."

చోలె కప్పు బల్ల మీద పెట్టి, గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

ఆరోగ్య కేంద్రంలో ఇత్సెల్‌ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికెళ్ళింది. నర్సు కొత్త పుల్ల తీసింది. "గట్టిగా 'ఆ' అను. అరిస్తే గొంతు తెరుచుకుంటుంది." ఒతీలియా సన్నగా మూలిగింది. "అది కాదు తల్లీ! మీ ఆయన వీధి చివర ఉన్నాడనుకుని పిలువు!"

అరిచింది. బయట బెంచీ మీంచి ఇత్సెల్ కూడా "ఆ..." అంటూ అందుకుంది. డోకొచ్చింది, కళ్ళు మండాయి, చేతులు మాత్రం ఒళ్ళోంచి కదల్లేదు.

"అయిపోయింది," అంది నర్సు.

ఇంటికొచ్చేసరికి అతోలె మీద మీగడ కట్టింది. వేడి చేసుకుని, మగవాళ్ళు తిని లేచేదాకా ఆడవాళ్ళెవరూ కూర్చోకూడని బల్ల దగ్గర కూర్చుంది.

"నాదేది?" అన్నాడు అప్పుడే లేచొచ్చిన రమీరో.

"గిన్నెలో ఉంది. పోసుకో."

చోలె కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తనకో కప్పు నింపుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"కొంచెం జరుగమ్మా," అంది.