మొదటి బొట్టు

"ఊర్మిళను తేకు. దానికి ఎండ పడది గద, ఇంట్లనే ఉండనియ్యి" అంది అత్త. మిల్లు నుంచి వచ్చిన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తున్నాను నేను. కత్తెర ఆపలేదు. మగ్గాల పనికి మావాళ్ళు వలస వచ్చిన ఈ నవాగామ్‌లో మా గల్లీ ఆడవాళ్ళందరం చేసే పనే ఇది. దీన్ని పని అని మగవాళ్ళెవరూ అనరు. "కూసొని దారాలు కత్తిరిస్తది" అంటాడు నా భర్త, నేను సేద తీరుతున్నట్టు.

ఆదివారం అమ్రోలిలో, మా నాన్న ఇంట్లో పూలుపండ్లు, పెళ్ళి ఖాయం చేసుకునే వేడుక. నా చెల్లెలు సుమనను నా మరిది వినోద్‌కు ఇస్తున్నారు. పెద్దకోడలిని కాబట్టి మగపిల్లవాడి తరఫున మొదటి బొట్టు నేనే పెట్టాలి. అత్త వెంకటవ్వ నాకు మేనత్త కూడా, నాన్న లింగమూర్తికి సొంత చెల్లెలు. "బయటిపిల్ల రక్తం ఎట్లుంటదో ఏమెరుక? సుమన అయితే మా అన్న బిడ్డ. మన రక్తం మనింట్లనే ఉంటది" అని ఆమె గల్లీ అంతా చెప్పుకుంది. నన్ను చేసుకున్నప్పుడూ ఇదే మాట.

నా కూతురు ఊర్మిళకు ఎనిమిదేళ్ళు. చూసినవాళ్ళు నాలుగు అనుకుంటారు. కాసేపు ఎండలో నిలబడితే ముక్కు మీద, చెంపల మీద ఎర్రగా కందిపోతుంది. జ్వరం ఇలా తగ్గితే అలా తిరిగి వస్తుంది. "గ్రహణం నాడు బయటికి పోయినవ్. కడుపుల పిల్ల ఉన్నదని సోయి లేకుంట రాత్రులు కత్తెర పట్టినవ్" అనేది అత్త. నేను నమ్మాను. ఇంకా చెప్పాలంటే, నమ్మడంలో నాకు ఒక ఆసరా దొరికింది. తప్పు నాదైతే దిద్దుకునే దారి కూడా నా చేతిలోనే ఉన్నట్టు. అందుకే ఉపవాసాలు ఉన్నాను, అందరి ఎంగిలి కంచాలూ కడిగాను, ఎవరు ఏమన్నా తల వంచాను. శిక్ష పూర్తయిన రోజున పిల్ల పెరగడం మొదలుపెడుతుందని లోపల ఎక్కడో ఎదురుచూశాను.

పోయిన వర్షాకాలం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఊర్మిళ రక్తం ఫొటో చూపించింది. కణంలోని క్రోమోజోములట అవి. ఒక్కొక్కదానిలో రెండేసి పోగులు, పక్కపక్కనే, ఒకటి ముదురుగా, ఒకటి లేతగా. మామూలు పిల్లల్లో ఆ రెండూ ఎక్కడో ఒకచోట ముక్కలు మార్చుకుంటాయి. ఊర్మిళలో అడుగడుగునా తెగి, ఇటుది అటు, అటుది ఇటు అతుక్కున్నాయి. తను నడిపే మరమగ్గం, సాంచ మీద దారాలు చిక్కుపడితే నా భర్త మిషను ఆపుతాడు. దీన్ని ఆపలేరట. క్యాన్సర్ మిగతావాళ్ళ కన్నా చాలా ముందే రావచ్చు, అవసరం లేకుండా ఎక్స్‌రే కూడా తీయించవద్దు అంది ఆమె. తర్వాత మా ఇద్దరి రక్తమూ పరీక్షించి, దోషం ఇద్దరిలోనూ ఉందని, అన్నాచెల్లెళ్ళైన మీ నాన్న, మీ అత్తల నుంచే మీకు వచ్చి ఉంటుందని హిందీలో నెమ్మదిగా వివరించింది. ఒక్కరిలోనే ఉంటే పిల్లకు ఏమీ అయ్యేది కాదట. మా ఇద్దరి తోడబుట్టినవాళ్ళకూ పరీక్ష చేయించమంది.

"నా తప్పు కాదా?" అని అడిగాను. కాదంది. తేలికపడతాననుకున్నాను. పడలేదు. తప్పు లేకపోతే ప్రాయశ్చిత్తమూ లేదు. ఇన్నేళ్ళూ నేను కడిగినవి వట్టి కంచాలే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా భర్త అన్న మాట ఒక్కటే. "ఇంట్ల చెప్పకు. ఎండ పడదని చెప్పు, చాలు. తమ్మునికి పిల్ల దొరకాలె గద." ఆ పిల్ల నా చెల్లెలే అవుతుందని అప్పుడు తెలియదు. తెలిశాక, చెప్పేస్తానని అన్నాను. "చెప్తే నీ బిడ్డను తీస్కొని అటే పో" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

ఆదివారం ఊర్మిళకు పొడుగు చేతుల గౌను తొడిగి, గొడుగు పట్టి అమ్రోలి తీసుకువెళ్ళాను. గడపలోనే అత్త నా చెయ్యి గిల్లింది. "ఎందుకు తెచ్చినవే దీన్ని? నలుగురు చూడాల్నా?" ఇన్నాళ్ళూ ఈ పిల్లను ఎండ నుంచి కాపాడుతున్నామనుకున్నాను. దాచింది మనుషుల నుంచి.

పీట మీద సుమన తల వంచుకుని కూర్చుంది. నేను కుంకుమలో వేలు ముంచి దగ్గరికి వంగాను. తను నా వెనకకు చూసి మెల్లగా అడిగింది. "అక్కా, ఊర్మిళ మొఖం గంత ఎర్రగుందేంది?"

ఎండకు అనే మాట నోట్లో సిద్ధంగా ఉంది, నాలుకకు అలవాటైన మాట. అది బయటికి రాకుండా ఆగడం నేనే చూస్తూ ఉన్నాను.

వేలు కొంగుకు తుడుచుకుని, భరిణె మూత పెట్టాను.

"దోషం నా రక్తంల ఉన్నది, బావ రక్తంల ఉన్నది చెల్లె. రెండు కలిసి దానికచ్చింది. నీల ఉన్నదో లేదో, వినోద్‌ల ఉన్నదో లేదో పరీక్ష చేపిచ్చేదాక ఈ బొట్టు నేను పెట్ట."

"సంతోషీ, నోరు మూస్కో" అన్నాడు నా భర్త. "ఎవల రక్తమే? ఏ ఇంటి నుంచి అచ్చింది?" అంది అత్త.

"నువ్వు పుట్టిన ఇంటి నుంచే, అత్తా. నాన్నకూ నీకూ ఒక్కతీరుగ."

సుమన పీట మీది నుంచి లేచి, ఊర్మిళను ఎత్తుకుంది. అత్త నా వైపు చూడలేదు. ఎనిమిదేళ్ళుగా తప్పు నాలోనే వెతికిన ఆమె, మొదటిసారి తన అన్న ముఖంలోకి చూసింది.