పటం మీద చెయ్యి

ఎండాకాలం వచ్చిందంటే దత్తు చాయ్ కెటిల్‌ను స్టవ్ మీద పెట్టేవాడు కాదు, పటం మీద పెట్టేవాడు. చంద్రపూర్‌లో అడవి మంటలు కనిపెట్టే ఆ గదిలో రెండు పటాలుండేవి. గోడకు దేశపటం, బల్ల మీద అద్దం కింద జిల్లా పటం. ఏ అడవి అంటుకుంటే పటంలో అక్కడ వేడెక్కేది. ఒడిశా కాలుతున్నన్నాళ్లూ ప్యూను దత్తు తన తడి తువ్వాలు ఆ మూలన ఆరేసుకునేవాడు. మే నెలలో ఉత్తరాఖండ్ అందుకునేది. అది మరీ ఎత్తులో ఉందని అతని ఫిర్యాదు.

ఉపగ్రహం నుంచి మెసేజి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. అందుకే ఆ గదిలో పనిచేసే ప్రేమలత పొద్దున్నే వచ్చి, చేతులు కడుక్కుని, పిల్లలకు జ్వరం చూసినట్టు రెండు పటాలనూ అరచేత్తో తడిమి చూసేది. దేశపటం వేడెక్కితే ఆ రాష్ట్రానికి, బల్ల వేడెక్కితే ఆ ఊరి కాపలావాళ్లకు ఫోను చేసేది. ఆమె తండ్రి సాస్తి ఊళ్లోని బొగ్గుగనిలో పనిచేసినవాడు. ఆ కూతురు వేడికి జంకే రకం కాదు. ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగమే అయినా, గదంతా తన సొంతమన్నట్టు ఉండేది.

కట్టడి ఒక్కటే. పటం మీద చుక్క నీరు పడకూడదు. ఒకసారి దత్తు చేతిలోని చాయ్ పటంలో రాజురా ఊరి పక్కన ఒలికితే, అక్కడి వాగు అల్లం వాసనతో పొంగి మేకల్ని ఈడ్చుకుపోయింది. ఆ తర్వాతే అద్దం వేశారు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గోండ్‌పిప్రి వైపు అద్దం టప్పున చిట్లింది. ప్రేమలత చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. మంట పెద్దది, రెండు వైపులా పాకుతోంది. ఒక వైపు చాలా దూరంలో పులుల్ని చూడ్డానికొచ్చేవాళ్ల రిసార్టు ఉంది. రెండో వైపు, దగ్గర్లోనే, వాగు ఒడ్డున చిన్న గూడెం. ఆమె అక్క సారక్కను ఇచ్చింది ఆ గూడేనికే.

మంటలార్పే బండ్లను గూడేనికి పంపబోతుంటే ఆఫీసరు సాహెబ్ తన గదిలోంచి వచ్చాడు.

"బండ్లన్నీ రిసార్టుకు మళ్లించు. పైనుంచి ఫోనొచ్చింది."

"రిసార్టుకు మంట రేపటికి గాని రాదు సార్. గూడెం పొద్దుగూకేసరికే పోతది."

"ఇప్పపూలు ఏరడానికి ఆకులు తగలబెట్టేది వాళ్లే. వాళ్లే ఆర్పుకుంటారు."

ప్రేమలతకు ఒళ్లు మండింది. ఆ గూడెంలో ఆకులు కాల్చడం ఎప్పుడో మానేశారు. చెట్ల కింద పాత చీరలు పరిచి పూలు పట్టుకుంటున్నారు. ఆ చీరల్లో సగం ఆమె ఇక్కడినుంచి బస్సులో వేసి పంపినవే. ఆ మాటే చెప్పింది. సాహెబ్ వినిపించుకోలేదు, వైర్‌లెస్ అందుకుని బండ్లను తనే మళ్లించాడు.

ఆమె అక్కకు ఫోను చేసింది.

"అక్కా, అందరు వాగు దాటుండ్రి."

"ఎందుకు దాటాలె?" సారక్క ఎగపోస్తోంది. "ఏడాది తిండి చెట్ల కింద ఉన్నది. పచ్చికొమ్మలు పట్టుకొని కొడుతున్నం. మీ బండ్లు ఎప్పుడొస్తయి?"

"రావు."

సారక్క ఇంకో కొమ్మ విరిచిన చప్పుడు ఫోనులో వినిపించింది.

"రాకుంటే రాకపాయె. మేం మాత్రం పోం."

ప్రేమలత కూజా వైపు చూసింది. నీళ్లు పోస్తే గూడెమే కొట్టుకుపోతుంది. పగిలిన అద్దాన్ని పక్కకు జరిపి, గూడెం మీదా దాని చుట్టూ ఉన్న ఇప్పచెట్ల మీదా కుడి అరచెయ్యి ఆనించి, వేళ్లు బార్లా చాపింది.

చర్మం కమిలిన వాసన వచ్చింది. ప్రాణం పోతుందనిపించింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది కూడా, చెయ్యి మాత్రం తియ్యలేదు.

"చెయ్యి తియ్యి. అది సర్కారు పటం" అన్నాడు సాహెబ్.

"తియ్య."

"ఉద్యోగం పోతుంది."

"పోనియ్యండ్రి."

దత్తు కెటిల్ కింద పెట్టి, ఒక ఫైలు తీసుకుని ఆమెకు విసరడం మొదలుపెట్టాడు. సాహెబ్ కళ్లెర్రజేసినా ఆపలేదు.

ఫోనులో సారక్క గొంతు వచ్చింది. "పిల్లా, మా మీద నీడ పడ్డది. మబ్బైతే గాదు. మంట ఆ నీడ అంచు దాక వచ్చి ఆగుతున్నది."

"ఆగిన కాడ కొట్టుండ్రి. నేను ఈడ్నే ఉన్న."

పొద్దుగూకే దాకా అలాగే ఉంది. అక్కడ ఆడవాళ్లు కొడుతూనే ఉన్నారు.

రెండో రోజు ఉపగ్రహం ఫోటో వచ్చింది. నల్లగా మాడిన అడవి నడుమ పచ్చగా ఒక అరచెయ్యి, అయిదు వేళ్లతో సహా. దాన్ని పట్టుకుని పైనుంచి పెద్దసారు వచ్చాడు. అతను గదిలోకి రాకముందే సాహెబ్ ఆమె పక్కకు చేరి, "గాలి మళ్లిందని చెప్పు. నీ ఉద్యోగం నిలబెడతా" అన్నాడు మెల్లగా.

పెద్దసారు ఫోటో బల్ల మీద పరిచాడు. "ఈ చెయ్యి ఎవరిది?"

ప్రేమలత కట్టు విప్పి, బొబ్బల చేతిని ఫోటో పక్కన పెట్టింది.

"నాది. బండ్లు రానియ్యలేదు, అందుకే పెట్టిన. వేళ్ల సందుల్ల కాలిన చెట్లకు నాది తప్పే సార్. ఇంకో చెయ్యి పెట్టాలని తోచలే."

సాయంత్రానికి ఆమెను తీసేశారు. మర్నాడు గోండ్‌పిప్రి బస్సెక్కింది. బస్సు దిగి నడుస్తుంటే కాళ్ల కింద బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. అడవిలో పచ్చగా మిగిలిన తన చేతి అచ్చులో బొటనవేలి దగ్గర నేల ఒక్కసారిగా పచ్చబడింది. చెట్ల కింద పరిచిన చీరల్లో తన చిలకాకుపచ్చ చీరను గుర్తుపట్టింది. దాన్నిండా పూలు.

సారక్క ఎదురొచ్చింది. కనుబొమలు కాలిపోయి ఉన్నాయి.

"నౌకరీ పోయిందట గద?"

"పోయింది."

"చెయ్యి?"

"కుడిది ఏం పట్టుకోరాదు."

"ఎడమది ఉన్నది గద" అంటూ సారక్క ఒక పచ్చికొమ్మ విరిచి చేతికిచ్చింది.

ఉంగరం వేలికీ చిటికెన వేలికీ నడుమ అడవిలో ఇంకా పొగ లేస్తోంది. అక్కాచెల్లెళ్లు అటు నడిచారు.